పాస్‌పోర్టు నీ దగ్గరనే ఉందా బిడ్డా?

దుబాయి నుంచి మస్కట్ వెళ్ళే బస్సు పొద్దున ఏడున్నరకి. ముందురోజు రాత్రి ఇంటికి ఫోన్ చేశాను.

"రేపు దుబాయి ఇడిసిపెడుతున్నం బాపూ. మస్కట్ పోతున్నం."

అటువైపు కాసేపు మాట లేదు. మా బాపు ఫోన్‌లో ఎప్పుడూ పొదుపుగానే మాట్లాడతాడు. నిమిషానికింత అని లెక్క కట్టి మాట్లాడిన రోజుల అలవాటు ఇంకా పోలేదు.

"బస్సులనా?"

"అవ్. నేను, నా దోస్తులిద్దరు."

మళ్ళీ మౌనం. తర్వాత అడిగాడు. "పాస్‌పోర్టు నీ దగ్గరనే ఉందా బిడ్డా?"

"నా దగ్గరనే ఉంది" అని నవ్వి పెట్టేశాను. పెట్టేశాక చాలాసేపు నిద్ర పట్టలేదు. పరదేశంలో ఉన్న కూతురిని తండ్రులు అడిగే ప్రశ్నలు నాకు తెలుసు. డబ్బులున్నాయా, తిన్నావా, తోడెవరు, రాత్రిపూట బయట తిరగకు. బాపు అవేవీ అడగలేదు. ఆ నగరంలో పద్నాలుగేళ్ళు ఉన్న మనిషికి అడగవలసినదిగా తోచింది అదొక్కటే.

బాపు 1995లో దుబాయి పోయాడు. అప్పుడు నాకు ఐదేళ్ళు. మాది నాగిరెడ్డిపేట. మెదక్ నుంచి ఎల్లారెడ్డి పోయే దారిలో పోచారం దాటితే వస్తుంది. అప్పుడు నిజామాబాద్ జిల్లా, 2016 నుంచి కామారెడ్డి జిల్లా. నిజాం కాలంలో, 1922లో పూర్తయిన పోచారం చెరువు నిండి మత్తడి దుంకితే ఆ ఏడు మా ఇంట్లో బియ్యం ఉండేవి. దుంకకపోతే అప్పులుండేవి. వరుసగా దుంకని ఏళ్ళ తర్వాత ఒక ఏజెంటుకి అప్పు చేసి డబ్బు కట్టి, బొంబాయి పోయి, అక్కడినుంచి విమానం ఎక్కాడు. దిగిన రోజే కంపెనీ మనిషి వచ్చి అందరి పాస్‌పోర్టులు తీసుకుని సంచిలో వేసుకున్నాడట. మళ్ళీ దాన్ని చేత్తో పట్టుకున్నది రెండేళ్ళ తర్వాత, సెలవు మీద వచ్చేటప్పుడు విమానాశ్రయంలో. పద్నాలుగేళ్ళలో అలా ఐదుసార్లు. అన్నీ కలిపినా తన పాస్‌పోర్టు తన చేతిలో ఉన్నది ఏడాదికి మించదు.

2003లో మా నాయనమ్మ చనిపోయింది. ఎస్టీడీ బూతు నుంచి కబురు వెళ్ళింది. ఆఫీసులో పాస్‌పోర్టు పెట్టెకి తాళం వేసిన మనిషి సెలవులో ఉన్నాడని ఒక మాట, సంతకం పెట్టే పెద్దమనిషి లేడని ఇంకో మాట. బాపు వచ్చేసరికి పదిహేను రోజులైంది. వాకిట్లోకి వచ్చి చెప్పులు విప్పకుండా నిలబడిపోయాడు. దాని గురించి ఆ తర్వాత ఎప్పుడూ మాట్లాడలేదు. యజమాని కార్మికుడి పాస్‌పోర్టు దగ్గర పెట్టుకోవడం అక్కడి 2021 కార్మిక చట్టం ప్రకారం కూడా తప్పే. బాపుకి ఆ సంగతి చెప్పినప్పుడు "తప్పని వాళ్ళకు సుత ఎరుకే" అన్నాడు.

*

ఇదంతా 2024 డిసెంబరు సంగతి. మేం ముగ్గురం హైదరాబాదు విశ్వవిద్యాలయం హాస్టల్లో ఒకే వరండాలో ఉన్నవాళ్ళం. ఒకామెది గుంటూరు వైపు. పెళ్ళయి దుబాయిలో టీచరుగా ఉంది. ఇంకొకామె మలయాళీ. నాతో పాటు పిహెచ్‌డి చేసి ఇప్పుడు కొచ్చిలో పాఠాలు చెబుతోంది. వాళ్ళమ్మ మస్కట్‌లో ఇరవై రెండేళ్ళు నర్సుగా పనిచేసింది. "నువ్వు మీ నాన్న ఊరు చూస్తావు, నేను మా అమ్మ ఊరు చూస్తాను" అని తనే ఈ ప్రయాణం కట్టింది. వాళ్ళవి మా ఊళ్ళు ఎలా అయ్యాయో, వాళ్ళకే అవి ఎప్పుడూ ఊళ్ళు కాలేదో అప్పుడు మాకు తట్టలేదు.

దుబాయిలో నాలుగు రోజులు అందరూ చూసేవే చూశాం. బాపు ఉన్న చోటు మాత్రం చివరి రోజుదాకా వాయిదా వేస్తూ వచ్చాను. భయమేమో. బయల్దేరే రోజు తెల్లవారుజామున నాలుగున్నరకి టీచరు స్నేహితురాలు లేపింది. "పదవే, చూడకుండా పోతే నీకు మస్కట్ కూడా కనిపించదు" అంది.

మన కార్మికులు సోనాపూర్ అని పిలుచుకునే చోటు అది. బంగారు ఊరు అని అర్థం. ప్రభుత్వ పటంలో పేరు ముహైస్నా. మేం వెళ్ళేసరికి చీకటి విడలేదు. రోడ్డు పక్కన వరసగా తెల్ల బస్సులు. ఒకే రంగు దుస్తుల్లో, చేతిలో టిఫిన్ డబ్బాలతో మగవాళ్ళు ఎక్కుతున్నారు. ఎక్కిన వెంటనే అద్దానికి తల ఆనించి కళ్ళు మూసుకుంటున్నారు. ఎక్కడో మన భాష వినిపించింది. "ఓ మల్లన్నా, సీటు ఆపు" అని ఎవరో అరిచారు. కారు దిగి పలకరించాలనుకున్నాను. దిగలేదు. దిగి ఏమని అడుగుతాను? బాపు ఏ గదిలో ఉండేవాడో నాకు తెలియదు. ఆ భవనాలన్నీ ఒకేలా ఉన్నాయి. ఫోన్ తీసి ఫోటో తియ్యబోయి మళ్ళీ లోపల పెట్టుకున్నాను. వాళ్ళు నిద్రపోతున్నారు. నిద్రపోయేవాళ్ళని అడక్కుండా ఫోటో తీసే హక్కు ఎవరిచ్చారు నాకు?

అక్కడ నిలబడ్డ పావుగంటలో ఒక్క ఆడమనిషి కనబడలేదు. ఆ బస్సుల్లో ఉన్నవాళ్ళలో పెళ్ళయిన ప్రతి మనిషికీ వెనక ఒక ఇల్లుంటుంది. అందులో ఒక స్త్రీ ఉంటుంది. ఆ ఇల్లు నాకు తెలుసు. అందులోనే పెరిగాను.

*

గల్ఫ్ వలస గురించి మన దగ్గర పాటలొచ్చాయి, కథలొచ్చాయి. పోయినవాడి కష్టం వాటిలో ఉంది. ఉండిపోయిన ఆడదాని గురించి రాస్తే ఎదురుచూపు అని రాస్తారు. మా అమ్మ ఎదురుచూస్తూ కూర్చోవడం నేను చూడలేదు. పొద్దున కాలువ కింద మడి, పగలు చేటలో తునికాకు, రాత్రి దీపం కింద మళ్ళీ బీడీలు. ఏజెంటు అప్పు తీరడానికే మూడేళ్ళు పట్టింది. ఆ మూడేళ్ళు మేం తిన్నది అమ్మ చుట్టిన బీడీలే. నీళ్ళ వంతు కోసం రాత్రి కాలువ మీదికి పోతే "మొగడు దేశం మీద ఉండంగ దీనికి రాత్రి ఏం పని" అన్నారు. పగలు మెదక్ పోయి బ్యాంకులో డబ్బు తీస్తే "ఎవరి కోసం పోయింది" అన్నారు. అందుకని నన్ను వెంటబెట్టుకుని పోయేది. ఏడేళ్ళ పిల్లని ఆమె శీలానికి సాక్షిగా బస్సెక్కేదాన్ని. బాపు పాస్‌పోర్టు కంపెనీ పెట్టెలో ఉంటే అమ్మది ఊరి నోట్లో ఉండేది.

ఎర్రగీతలు నీలిగీతలు అంచున్న కవర్లలో బాపు ఉత్తరాలు వచ్చేవి. గదిలో చదువొచ్చినవాడెవరో రాసేవాడు. నేను చదివి వినిపించేదాన్ని. జవాబు అమ్మ చెబితే నేను రాసేదాన్ని. "బర్రె సచ్చిపోయిందని రాయకు" అనేది. "నాకు జొరమొచ్చిందని రాయకు. బోరు పడలేదని రాయకు." చివరికి మిగిలేది ఒక్కటే మాట, అందరం మంచిగున్నం. బాపు ఉత్తరంలోనూ అదే మాట ఉండేది. రెండు దేశాల మధ్య పద్నాలుగేళ్ళు తిరిగిన ఆ ఒక్క వాక్యం కింద ఎంత దాచారో తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. సాహిత్యంలో రాసినదానికంటే రాయనిదాన్ని వెతకాలని విశ్వవిద్యాలయంలో చెప్పినప్పుడు నాకు కొత్తగా ఏమీ అనిపించలేదు.

*

బస్సు సగం నిండింది. ఏడున్నర అన్నది ఎనిమిదయ్యింది. టీచరు స్నేహితురాలు సంచిలోంచి పులిహోర తీసి, "బోర్డర్‌లో ఎంతసేపు పడుతుందో, తినెయ్యండి" అంది. అప్పటికే వాళ్ళాయన రెండుసార్లు ఫోన్ చేశాడు. మంచి మనిషే. "ఎమిరేట్స్ ఐడీ తీసుకున్నావా" అని గుర్తుచేశాడు.

"నా వీసా ఆయన మీద ఉంది తెలుసా" అంది తను, కిటికీలోంచి చూస్తూ. "ఆయన నా స్పాన్సర్. ఉద్యోగంలో చేరేటప్పుడు అభ్యంతరం లేదని ఆయన కాగితం మీద సంతకం పెట్టాడు. పెడుతూ, చూశావా ఎంత మంచివాణ్ణో అని నవ్వాడు. నేనూ నవ్వాను. ఆయన ఉద్యోగం పోతే నా చిరునామా కూడా పోతుంది. ఎమ్మేలో చదువుకున్న స్త్రీవాదమంతా ఆ నవ్వులో కలిసిపోయిందే."

ఆమె మాట తేలిగ్గానే అంది. మేమెవరం తేలిగ్గా తీసుకోలేదు.

నా పరిశోధన తెలుగు యాత్రారచనల మీద. ఏనుగుల వీరాస్వామయ్య 1830-31లో కాశీయాత్ర చేశాడు. హైదరాబాదు నుంచి నిర్మల్ మీదుగా నాగపూరు వైపు పోతూ మా జిల్లా మీదుగానే వెళ్ళాడు. ఆయన పల్లకీలో కూర్చున్నాడు, పల్లకీని బోయీలు మోశారు. బోయీలు కూడా అంత దూరమూ నడిచారు, కానీ అది వాళ్ళ యాత్ర కాలేదు. 1870లలో ఇంగ్లండు వెళ్ళివచ్చి 1876లో ఆ అనుభవాలను పుస్తకంగా తెచ్చిన పోతం జానకమ్మ రాఘవయ్య గురించి నేనొక అధ్యాయం రాశాను. ఆడది సముద్రం దాటడం ఎంత పెద్ద విషయమో అందులో వివరించాను. అది నిజమే. కానీ ఆ నాలుగు వందల పేజీల సిద్ధాంత గ్రంథంలో మా బాపుకి చోటు లేదు. ఆయన విమానమెక్కాడు, సముద్రం దాటాడు, పరభాషల మధ్య పద్నాలుగేళ్ళు బతికాడు. అది యాత్ర కాదు. వలస. దానికి వేరే శాఖ ఉంది. సామాజిక శాస్త్రాల భవనంలో, మా భవనానికి ఎదురుగా.

యాత్రకీ వలసకీ తేడా ఏమిటని ఎవరైనా అడిగి ఉంటే అప్పట్లో శైలి, దృక్పథం, ఆత్మకథనం అని ఏదో చెప్పేదాన్ని. ఆ రోజు బస్సులో కూర్చుని నా సంచి జిప్పు తీసి పాస్‌పోర్టు ఉందా లేదా అని మూడోసారి చూసుకుంటున్నప్పుడు తేడా అదేనని తెలిసింది. ఈ ఊరు నచ్చకపోతే రేపు ఇంకో ఊరికి పోగలగడం. బాపు దుబాయిని వదిలి ఇంకో ఊరికి ఒక్కసారీ పోలేదు. పక్కనే ఉన్న షార్జాకి కూడా పోలేదు. 2009లో మాంద్యం దెబ్బకి కట్టే భవనాలు ఆగిపోయి కంపెనీ పంపేసినప్పుడే ఆయన దుబాయి వదిలాడు. అది కూడా తన నిర్ణయం కాదు.

*

హట్టా దగ్గర ఎర్రమట్టి రంగు కొండలు మొదలయ్యాయి. సరిహద్దు దగ్గర అందర్నీ దింపారు. దేశం దాటే రుసుము కట్టి వరసలో నిలబడాలి. మాకు ముందు నలుగురు ఆడవాళ్ళు ఉన్నారు. వాళ్ళతో ఒక మగమనిషి. అతని చేతిలో రబ్బరు బ్యాండు వేసిన పాస్‌పోర్టుల కట్ట. కౌంటర్ దగ్గరకి వెళ్ళేముందు ఒక్కొక్కరికీ వాళ్ళది ఇచ్చాడు. ముద్ర పడి ఇటు రాగానే చెయ్యి చాపి తిరిగి తీసుకున్నాడు. వాళ్ళ పాస్‌పోర్టులు వాళ్ళ చేతుల్లో ఉన్నది ఐదు నిమిషాలు.

బాత్రూముల దగ్గర వరసలో ఆ నలుగురిలో ఒకామె నా పక్కకి వచ్చింది.

"మీరు తెలుగోళ్ళాండీ? ఇందాకట్నుంచి ఇంటన్నాను."

"అవునమ్మా. కామారెడ్డి దగ్గర. నీది?"

"కోనసీమండి. మీవైపు మగోళ్ళొత్తారు కదండీ. మావైపు ఆడోళ్ళమొత్తాం."

ఆ ఒక్క మాటలో చెప్పేసింది. తెలంగాణ నుంచి భవనాలు కట్టడానికి మగవాళ్ళు. గోదావరి జిల్లాల నుంచి, కడప వైపు నుంచి ఇళ్ళలో పనికి ఆడవాళ్ళు. ఇది ఆమె రెండో ప్రయాణం. మొదట కువైట్‌లో నాలుగేళ్ళు చేసింది. ఇప్పుడు విజిట్ వీసా మీద దుబాయి వచ్చింది. గడువు అయిపోవడంతో దేశం బయటికి వెళ్ళి వేరే వీసా మీద రావాలి. మస్కట్‌లోనే ఇల్లు కుదిరితే అక్కడే ఉండిపోతుందట. ఇద్దరాడపిల్లలు. పెద్దది తొమ్మిదో తరగతి.

బాపు ప్రశ్న నా నోటి దాకా వచ్చింది. "నీ పాస్‌పోర్టు నీ దగ్గర ఉండదా?"

"అన్న దగ్గరుందండి."

"అలా ఇవ్వకూడదమ్మా. అడిగి తీసుకో. నీ పాస్‌పోర్టు నీ దగ్గరే ఉండాలి. అది చట్టం."

ఆమె నన్ను పైనుంచి కిందికి చూసింది. కోపంగా కాదు. క్లాసులో పిల్ల తెలిసీ తెలియని జవాబు చెప్పినప్పుడు నేను చూసే చూపు అది.

"కువైట్ నించి వచ్చేక నా దగ్గరే ఉందండి. మా ఆయన బీరువాలో ఎట్టి తాళం ఏసేడు. రెండేళ్ళు ఇవ్వలేదు. నే పంపిన డబ్బుల్తో కొన్న బీరువా అండీ అది. ఈ అన్నే వచ్చి మాటాడి ఇప్పించేడు. నా దగ్గరుంటే ఇంట్లో లాక్కుంటారు, ఈయన దగ్గరుంటే కనీసం బోర్డర్ దాటుద్ది."

నా దగ్గర జవాబు లేదు.

"వయసెంత నీకు?" అని అడిగాను, ఏదో ఒకటి అడగాలని.

"నిజందా, అందులోదా అండీ?" అని నవ్వింది. "మొదటిసారి కువైట్ ఎళ్ళినప్పుడు ఇరవై ఆరు. అందులో ముప్పై ఒకటని రాయించేరు."

ఎందుకు రాయించారో నాకు తెలుసు. పదో తరగతి చదవని వాళ్ళ పాస్‌పోర్టుల మీద వలస తనిఖీ అవసరం అనే ముద్ర ఉంటుంది. బాపు పాస్‌పోర్టు మీదా ఉండేది. ఆ ముద్ర ఉన్న స్త్రీ ముప్ఫై ఏళ్ళు నిండకుండా గల్ఫ్ దేశాలకి ఇంటిపనికి పోకూడదని మన ప్రభుత్వ నియమం. ఇదే ముద్ర ఉన్న మగవాడికి ఆ వయసు నియమం లేదు. ఆడవాళ్ళని కాపాడటానికే అంటారు. అక్కడ వాళ్ళపై జరిగే హింస అబద్ధం కాదు, కాబట్టి ఈ మాటని తేలిగ్గా కొట్టిపారేయలేం. కానీ ఆకలికి వయసు నియమం వర్తించదు. దారి మూసేస్తే ఆడవాళ్ళు ఆగిపోరు, దొంగదారిన పోతారు. వయసు పెంచి రాయించుకుంటారు, విజిట్ వీసా మీద వస్తారు. అప్పుడు ఏ లెక్కలోనూ ఉండరు. ఏదైనా జరిగితే అడిగేవాళ్ళుండరు. రక్షణ పేరుతో ఆడదాని కదలికని ఆపిన ప్రతిచోటా జరిగేది ఇదే. మా అమ్మ రాత్రి కాలువ మీదికి పోకూడదన్నది కూడా ఆమె మంచి కోసమేనని ఊరు అనుకుంది.

బస్సెక్కేముందు ఒక చీటీ మీద నా నంబరు, మస్కట్‌లో మన రాయబార కార్యాలయం ఉన్న సంగతి రాసి ఆమె చేతిలో పెట్టాను. మడిచి జాకెట్లో దాచుకుంది. "అన్న చూస్తే బాగోదండి" అంది. ఇంతవరకూ ఫోన్ రాలేదు. రాకపోవడం మంచికేనో కాదో నాకు తెలియదు.

*

ఒమన్ వైపు ముద్రలు పడి బస్సు కదిలేసరికి పన్నెండయింది. ఎడమవైపు సముద్రం, కుడివైపు కొండలు, మధ్యలో ఖర్జూర తోటల మైదానం. బాతినా అంటారు. సోహార్ దాటాక మలయాళీ స్నేహితురాలు మాట్లాడటం మానేసింది. అంతవరకూ పాటలు పాడింది తనే.

"మా ఊళ్ళో అందరూ అనేవాళ్ళు, మీ అమ్మ గల్ఫ్‌లో ఉంది, నీకేం తక్కువ అని" అంది చాలాసేపటికి. తెలుగు హాస్టల్లో నేర్చుకుంది, అక్కడక్కడా ఆగి మాట వెతుక్కుంటుంది. "నిజంగానే తక్కువ లేదు. అమ్మమ్మ పెంచింది. అమ్మ సంవత్సరానికి ఒక నెల వచ్చేది. వచ్చినప్పుడల్లా నాకు కొలతలు తప్పిన గౌను తెచ్చేది. నేను పెరిగిన సంగతి ఆమెకి గుర్తుండేది కాదు. నాకు చాలా కోపం. మీ నాన్న పోతే త్యాగం అన్నారు కదా? మా అమ్మ పోతే, పిల్లని వదిలి పోయింది అన్నారు. నేనూ అన్నాను. ఆమెకి వినపడేలా అన్నాను."

మేమిద్దరం ఏమీ అనలేదు. టీచరు స్నేహితురాలు మిగిలిన పులిహోర ఆమె చేతిలో పెట్టింది.

మస్కట్‌లో దిగి సామాను గదిలో పెట్టాక ముందుగా వాళ్ళమ్మ పనిచేసిన ఆసుపత్రికే వెళ్ళాం. లోపలికి పోలేదు. సాయంత్రం డ్యూటీ మారే వేళ. గేటులోంచి నర్సులు గుంపుగా బయటికి వస్తున్నారు. ఇద్దరు మలయాళంలో మాట్లాడుకుంటూ, ఒకామె వీడియో కాల్‌లో ఎవరో చిన్నపిల్లని హోంవర్కు చేశావా అని గదమాయిస్తూ పోయింది. నా స్నేహితురాలు ఆమె వెనకే చూస్తూ నిలబడింది. తర్వాత వాళ్ళమ్మకి ఫోన్ చేసింది. "గేటు దగ్గర ఉన్నానమ్మా" అన్నదొక్కటే నాకు అర్థమయింది. మిగతాదంతా మలయాళంలో, ఏడుస్తూ.

*

రాత్రి ముత్రాలో సముద్రం ఒడ్డున గట్టు మీద కూర్చుని ఇంటికి ఫోన్ చేశాను.

"చేరినవా?" అన్నాడు బాపు.

"చేరిన. పాస్‌పోర్టు నా దగ్గరనే ఉంది" అన్నాను, తను అడిగేలోపే.

చిన్నగా నవ్వాడు. సోనాపూర్ పోయిన సంగతి చెప్పాను. "బస్సులు గట్లనే ఉన్నయా?" అని అడిగాడు. ఉన్నాయన్నాను. "పొద్దుగాల్ల నిద్ర మంచిగ వస్తుండె ఆ బస్సుల" అన్నాడు. ఆ పద్నాలుగేళ్ళ గురించి తను నాతో చెప్పిన మంచి మాట అదొక్కటే.

ఈలోపు అమ్మ ఫోన్ గుంజుకుంది. "సముద్రం కాడున్నవట. చూపియ్యి." ఫోన్ తిప్పి చూపించాను. చీకట్లో దీపాలు తప్ప ఏమీ కనబడి ఉండదు. "సప్పుడు మన మత్తడి దుంకినట్టే ఉంది" అంది. కాసేపు విని, గొంతు తగ్గించి అడిగింది.

"నాకు సుత పాస్‌పోర్టు అయితదా?"

"అయితదమ్మా. నిజామాబాద్ పోతే చాలు."

"మీ బాపు సంతకం పెట్టాల్నా?"

"వద్దు."

"నిజంగ?"

"నిజంగ. నీ సంతకమే."

పెళ్ళి సర్టిఫికెట్ అడిగే పద్ధతి కూడా 2016 చివరలో తీసేశారు. చదువు లేకపోయినా యాభై దాటినవాళ్ళకి ఆ వలస తనిఖీ ముద్ర వెయ్యరు. అమ్మకి యాభై దాటాయి. అంటే మా అమ్మ ఎక్కడికైనా పోయి తన బాగోగులు తను చూసుకోగలదని ప్రభుత్వం ఇప్పటికి ఒప్పుకుంటోంది. ముప్ఫై ఏళ్ళ కిందట ఏడేళ్ళ పిల్లని సాక్షిగా పెట్టుకుని మెదక్ బస్సెక్కిన మనిషి గురించి!

సంక్రాంతికి ఊరు పోయినప్పుడు ఫారం నింపడానికి కూర్చున్నాం. పుట్టిన తేదీ దగ్గర ఆగిపోయాం. ఆధార్‌లో జనవరి 1 అని ఉంది. ఎవరు వేశారో తెలియదు. "పోచారం నిండిన ఏడు, నాట్లప్పుడు పుట్టిన అని మా అవ్వ చెప్తుండె" అంది అమ్మ. కోనసీమ ఆమె గుర్తొచ్చింది. ఆడవాళ్ళ వయసు ఎప్పుడూ ఎవరో ఒకరు తమ వీలుకొద్దీ రాసేదే. భర్త పేరు రాయాలా అని అడిగాను. "రాయి, ఆయన పేరు నాకు బరువా ఏంది" అంది. బాపు మంచం మీంచి వింటూ ఏమీ అనలేదు.

"వచ్చినంక యాడ పెడ్తవమ్మా?"

"బీడీల పీఎఫ్ కాయితాలున్న డబ్బల" అంది వెంటనే. ముందే ఆలోచించి పెట్టుకున్నట్టుంది. "తాళంచెవి నా కొంగుకే ఉంటది."

"యాడికి పోతవ్?"

"గది తర్వాత జూస్త. ముందుగాల నా చేతికి రానీ."

పాత నోటుబుక్కు వెనక పేజీలో అమ్మ తన సంతకం దిద్దుతోంది, ఒకటి కింద ఒకటి.